కొత్త ఇంజనీరింగ్ యూనివర్సిటీలో చేరాలా? ముందు ఎన్ని బ్యాచ్‌లు బయటికొచ్చాయో అడగండి

మా మేనకోడలికి ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నుంచే మా బావకి ఫోన్లు మొదలయ్యాయి. రోజుకి ఐదారు. నంబరు ఎక్కడ దొరుకుతుందో గానీ అమ్మాయి పేరు, మార్కులు కూడా చెప్పి మరీ మాట్లాడతారు, "సార్, మీ పాపకి స్కాలర్‌షిప్ వచ్చింది, రేపు సాయంత్రంలోపు పాతిక వేలు కడితే సీటు బ్లాక్ చేస్తాం, ఆ తర్వాత మా చేతుల్లో ఉండదు" అని. గుంటూరు బ్రాడీపేటలో వాళ్లింటికి నేను వెళ్లేసరికి టీవీ పక్కన బ్రోచర్లు దొంతరగా ఉన్నాయి. బావ మొహంలో టెన్షన్. అక్కయితే వచ్చీ రాగానే "నువ్వు కంపెనీలో పిల్లల్ని ఇంటర్వ్యూ చేస్తావు కదరా, ఏ యూనివర్సిటీ మంచిదో నువ్వే చెప్పు" అంది.

అప్పటికప్పుడు నేనేమీ చెప్పలేదు. పాత కాలేజీ అయితే చెప్పడం తేలిక. విజయవాడ కానూరులో సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ 1977లో మొదలైంది, గుంటూరు చౌడవరంలో ఆర్‌వీఆర్ అండ్ జేసీ 1985లో మొదలైంది. వీటి సంగతి తెలియాలంటే వీధిలో నలుగురిని కదిలిస్తే చాలు, ప్రతి ఇంట్లో బాబాయో పిన్నో ఎవరో ఒకరు అక్కడ చదివుంటారు, ఏ బ్రాంచి బాగుంటుందో, ఎవరు బాగా చెప్తారో, ఏ ల్యాబ్‌లో ఏం పనిచేయదో అంతా చెప్తారు. అమరావతి ప్రాంతంలో 2017లో మొదలైన యూనివర్సిటీల్లో మొదటి బీటెక్ బ్యాచ్ బయటికొచ్చింది 2021లోనే. అడగడానికి మనుషులే తక్కువ. ఆ ఖాళీలోకే హోర్డింగులు వచ్చి కూర్చుంటాయి. బెంజి సర్కిల్ నుంచి మంగళగిరి దాకా హైవే మీద ఒకసారి వెళ్లి రండి, నేను చెప్పేది అర్థమవుతుంది.

ఆ తర్వాత మూడు వారాల పాటు మేనకోడలూ నేనూ కూర్చుని ఒక్కో కాగితం తిరగేశాం. చివరికి నాకు తేలిందేమిటంటే, ఈ చిక్కుముడి మొత్తాన్ని విప్పడానికి పట్టుకోవాల్సిన కొస ఒకటే: ఎన్ని బ్యాచ్‌లు బయటికొచ్చాయి? యూనివర్సిటీ నుంచి కాదు, మీరు చేరబోయే బ్రాంచి నుంచి. వాళ్లు చెప్పే ప్రతి మాటకీ ఒక కనీస వయసు ఉంటుంది, ఆ వయసు రాకుండా ఆ మాట నిజం అయ్యే వీల్లేదు. ఆ లెక్క పట్టుకుంటే బ్రోచర్‌లో సగం మాటలు వాటంతటవే రాలిపోతాయి, మిగిలినవి పరీక్షించడానికి వీలవుతుంది.

బోర్డు మీద పేరు ఒకటే, చట్టం వేరు

మొదటి తికమక పేరుతోనే. మన చుట్టుపక్కల ఇంజనీరింగ్ చెప్పే సంస్థలు కనీసం మూడు రకాలు. జేఎన్‌టీయూ కాకినాడకి అనుబంధంగా ఉండే కాలేజీలు ఒక రకం, వాటిలో కొన్నింటికి అటానమస్ హోదా ఉంటుంది, అంటే సిలబస్, పరీక్షలు వాళ్లవే గానీ డిగ్రీ మీద ముద్ర జేఎన్‌టీయూది. రెండోది డీమ్డ్ హోదా, అంటే యూనివర్సిటీతో సమానంగా చూసే హోదా, డిగ్రీ వాళ్లే ఇస్తారు. 1956 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) చట్టంలోని సెక్షన్ 3 కింద కేంద్రం ఇస్తుంది. వడ్డేశ్వరంలోని కేఎల్ 1980లో కాలేజీగా మొదలై 2009లో డీమ్డ్ అయింది, వడ్లమూడిలోని విజ్ఞాన్ 1997లో మొదలై 2008లో అయింది. మూడోది రాష్ట్ర ప్రైవేటు యూనివర్సిటీ. 2016లో మన రాష్ట్రం తెచ్చిన ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం కింద వచ్చినవి ఇవి, వీఐటీ-ఏపీ, ఎస్ఆర్‌ఎం-ఏపీ ఈ కోవలోవే.

ఇది ఎందుకు ముఖ్యమంటే, పేరు చూసి చాలామంది వెల్లూరు వీఐటీకి, చెన్నై దగ్గర కాట్టాంకుళత్తూరు ఎస్ఆర్‌ఎంకి ఇవి బ్రాంచి ఆఫీసుల్లాంటివనుకుంటారు. కాదు. యాజమాన్య కుటుంబం ఒకటే కావచ్చు, కానీ చట్టం దృష్టిలో అవి తమిళనాట ఉన్న డీమ్డ్ సంస్థలు, ఇవి ఆంధ్రప్రదేశ్ చట్టంతో పుట్టిన వేరే యూనివర్సిటీలు. అక్కడి గ్రేడు, అక్కడి ర్యాంకు, అక్కడి పాత విద్యార్థులు వీటి ఖాతాలోకి రారు. అదే కురగల్లులోని అమృత క్యాంపస్ తీసుకుంటే, అది కోయంబత్తూరు కేంద్రంగా ఉన్న డీమ్డ్ సంస్థకి ఒక క్యాంపస్, అక్కడ డిగ్రీ ఆ మాతృసంస్థదే. ఒక్కో చోట ఒక్కో లెక్క కాబట్టి, ఏ సంస్థ పేరు కనబడినా ఈ ఒక్క మాట అడగండి: నా డిగ్రీ సర్టిఫికెట్ మీద పైన రాసుండే పేరేంటి, మీరు చూపిస్తున్న ఈ గ్రేడు ఆ పేరుకే వచ్చిందా?

చట్టబద్ధంగా గుర్తింపు ఉందా లేదా అనేది యూజీసీ వెబ్‌సైటులో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది, రాష్ట్రాలవారీగా జాబితా ఉంటుంది. ఇది అనవసరమైన జాగ్రత్త అనుకోకండి, యూజీసీ ప్రకటించే నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాలో గుంటూరు చిరునామాతోనే ఒకటి ఉంది. సాంకేతిక విద్యని పర్యవేక్షించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ అనుమతి సంగతి కొంచెం వేరు. యూనివర్సిటీలకి దాని ముందస్తు అనుమతి అక్కర్లేదని 2001లో భారతీదాసన్ యూనివర్సిటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, డీమ్డ్ సంస్థలకి మాత్రం తర్వాత తప్పనిసరి చేశారు. అందుకని ఒక రాష్ట్ర ప్రైవేటు యూనివర్సిటీ పేరు ఏఐసీటీఈ జాబితాలో కనబడనంత మాత్రాన కంగారు పడక్కర్లేదు, ప్రమాణాలు మాత్రం వాళ్లూ పాటించాల్సిందే.

సీట్ల విషయంలో కూడా ఈ తేడా జేబుకి తగులుతుంది. మామూలు ప్రైవేటు కాలేజీలో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో, అంటే ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో పోతాయి. రాష్ట్ర ప్రైవేటు యూనివర్సిటీల్లో 35 శాతం సీట్లు కన్వీనర్ కోటాకి ఇవ్వాలని నిబంధన తెచ్చారు. ఈ సంగతి తెలియక పీఆర్వో ఫోన్ చేశాడని పూర్తి ఫీజు కట్టేసినవాళ్లని నేను చూశాను. వెబ్ ఆప్షన్లలో అదే యూనివర్సిటీ, అదే బ్రాంచి కనబడుతుందేమో చూసి, పోయినేడు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చూసి, అప్పుడు డబ్బు సంగతి ఆలోచించండి.

గ్రేడులు, అవి రావడానికి పట్టే కాలం

న్యాక్, ఎన్‌బీఏ రెండూ నాణ్యత పరిశీలించి గుర్తింపు ఇచ్చేవే. న్యాక్ చూసేది సంస్థ మొత్తాన్ని, ఎన్‌బీఏ చూసేది ఒక్కో బ్రాంచిని. రెంటినీ కలిపి "అక్రెడిటెడ్" అని ఒకే బ్యాడ్జీలో ముద్రిస్తారు, అక్కడే మోసపోతాం. న్యాక్‌కి వెళ్లాలంటే రెండు బ్యాచ్‌లు బయటికెళ్లాలి లేదా సంస్థకి ఆరేళ్లు నిండాలి, ఏది ముందైతే అది. ఎన్‌బీఏకి ఆ బ్రాంచి నుంచే రెండు బ్యాచ్‌లు బయటికెళ్లాలి. అంటే నిన్న మొన్న మొదలైన బ్రాంచికి ఎన్‌బీఏ లేకపోవడం తప్పేం కాదు, ఉందని చెబితేనే అనుమానించాలి. ఒక బ్రోచర్‌లో మాకు ఇదే కనిపించింది: మెకానికల్‌కీ ఈసీఈకీ వచ్చిన ఎన్‌బీఏ ముద్రని ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ బ్రాంచి పేజీలో కూడా వేశారు. ఎన్‌బీఏ వెబ్‌సైటులో సంస్థ పేరు కొడితే ఏ బ్రాంచికి ఏ తేదీ దాకా ఉందో వచ్చేస్తుంది, అమ్మాయే చూసి పట్టుకుంది.

ఎన్‌బీఏలో ఇంకో మెలిక ఉంది. భారతదేశం 2014 జూన్‌లో వాషింగ్టన్ అకార్డ్‌లో శాశ్వత సభ్యత్వం తీసుకుంది, దానివల్ల ఇక్కడి ఇంజనీరింగ్ డిగ్రీని మిగతా సభ్య దేశాలు సమానంగా చూస్తాయి. అది వర్తించేది టియర్-1 పద్ధతిలో గుర్తింపు పొందిన బ్రాంచిలకే, యూనివర్సిటీలూ అటానమస్ కాలేజీలూ ఈ టియర్‌కి వెళ్లొచ్చు. ఎంఎస్‌కి వెళ్లే ఆలోచన ఉంటే ఇది అడగండి. జర్మనీ అనుకుంటున్నవాళ్లు అయితే అనాబిన్ అనే వాళ్ల డేటాబేస్‌లో యూనివర్సిటీ పేరు ఏ హోదాలో ఉందో ముందే చూసుకోవాలి.

న్యాక్ గ్రేడు గురించి ఒక మాట బాధగానే చెప్పాలి. 2025 ఫిబ్రవరిలో మన గుంటూరు జిల్లాలోని ఒక సంస్థకి మంచి గ్రేడు కోసం లంచం ఇచ్చారన్న ఆరోపణల మీద సీబీఐ న్యాక్ తనిఖీ బృందం ఛైర్మన్‌తో సహా పలువురిని అరెస్టు చేసింది. ఆ కేసు సంగతి కోర్టు తేలుస్తుంది. మనం నేర్చుకోవాల్సింది మాత్రం ఉంది, ఏ ప్లస్ ప్లస్ అనే మూడు ముక్కలు చూసి నాలుగేళ్ల జీవితం, లక్షల డబ్బు పెట్టేయకూడదు. గ్రేడు లేకపోతే అడగాలి, ఉంటే దాన్ని ఒక సాక్ష్యంగా మాత్రమే తీసుకోవాలి.

బ్రాంచి వయసు దగ్గరికొద్దాం, ఎక్కువమంది తల్లిదండ్రులు దాటేసేది దీన్నే. సీఎస్ఈ పక్కన ఏఐ-ఎంఎల్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ అని వచ్చే బ్రాంచిలు మన దగ్గర చాలా చోట్ల 2020-21 ప్రాంతంలో మొదలయ్యాయి, వాటి మొదటి బ్యాచ్ బయటికొచ్చింది 2024లో. అంటే యాభై ఏళ్ల చరిత్ర ఉన్న కాలేజీలో కూడా ఆ బ్రాంచికి చరిత్ర రెండు మూడు బ్యాచ్‌లే. మరి అలాంటప్పుడు కొత్త యూనివర్సిటీకీ పాత కాలేజీకీ తేడా అనుకున్నంత ఉండకపోవచ్చు, ఈ సంగతి కొత్తవాటికి అనుకూలంగా కూడా చెప్పుకోవాలి. నేను ఇంటర్వ్యూల్లో చూసేదాన్ని బట్టి చెప్తున్నా, సర్టిఫికెట్ మీద "డేటా సైన్స్" అని ఉన్న పిల్లల్లో సగం మందికి ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటా స్ట్రక్చర్స్ గట్టిగా రావు. సిలబస్ పుస్తకం తెరిచి మామూలు సీఎస్ఈతో పక్కపక్కన పెట్టి చూడండి. ఏఐసీటీఈ నమూనా సిలబస్ ప్రకారం బీటెక్ మొత్తం సుమారు 160 క్రెడిట్లు, అందులో కొత్త పేరున్న సబ్జెక్టుల కోసం ఏ పాత సబ్జెక్టులు తీసేశారో చూస్తే ఆ బ్రాంచి ఎంత ఆలోచించి పెట్టిందో తెలిసిపోతుంది.

పాఠం చెప్పేవాళ్లు నిలబడుతున్నారా

నా దృష్టిలో కొత్త యూనివర్సిటీ గురించి అన్నిటికంటే ఎక్కువ చెప్పే కాగితం ఎవరూ తెరవని ఒక పీడీఎఫ్. కేంద్రం విద్యాసంస్థలకి ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులు 2016 నుంచి ఇస్తోంది, వాటిలో పాల్గొనే ప్రతి సంస్థా తన వివరాలు సమర్పించాలి, ఆ వివరాలు బయట పెడతారు. అందులో అధ్యాపకుల పట్టిక ఉంటుంది: పేరు, వయసు, హోదా, చదువు, నెలల్లో అనుభవం, చేరిన తేదీ, ఇప్పుడు పనిచేస్తున్నారా లేదా.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, అక్క ఇంట్లో ఆ టేబుల్ మీదే, ఒక యూనివర్సిటీ పీడీఎఫ్ తెరిచి అమ్మాయి చేతికి హైలైటర్ ఇచ్చి, చేరిన తేదీ రెండేళ్ల లోపు ఉన్న ప్రతి వరసకీ గీత పెట్టమన్నాను. మొదటి పేజీ అయ్యేసరికే పసుపు రంగు సగం దాటింది, మూడో పేజీకి వచ్చేసరికి తను ఆగి "మామయ్యా, వీళ్లంతా కొత్తవాళ్లేగా, మరి పాతవాళ్లు ఏమయ్యారు?" అంది. అదే అడగాల్సిన ప్రశ్న. యూనివర్సిటీ పెరుగుతుంటే కొత్తవాళ్లు రావడం సహజం, సీట్లు పెరిగినప్పుడు అధ్యాపకులూ పెరగాలి. కానీ వెళ్లిపోయినవాళ్ల వరసలు కూడా అంతే ఉంటే, ఏడాదికో సారు మారుతుంటే, ప్రాజెక్టు గైడ్ ఎవరు, మూడో ఏట సిఫారసు ఉత్తరం రాసేదెవరు? తర్వాత ఇంకో యూనివర్సిటీది తెరిచాం. చిన్నదే, పేరు పెద్దగా వినబడదు, కానీ మొదలైన ఏడాది చేరినవాళ్లలో చాలామంది ఇంకా అక్కడే ఉన్నారు. అది ఏ బ్రోచర్‌లోనూ రాయలేదు, ఎందుకు రాసుకోలేదో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇంకో రెండు లెక్కలు వేసుకోవచ్చు. ఏఐసీటీఈ నిబంధన ప్రకారం ఇరవై మంది విద్యార్థులకి ఒక అధ్యాపకుడు ఉండాలి. ప్రొఫెసర్, అసోసియేట్, అసిస్టెంట్ నిష్పత్తి 1:2:6 ఉండాలి. కొత్త చోట్ల అసిస్టెంట్ ప్రొఫెసర్లు బోలెడు, పై హోదాల్లో ఒకరిద్దరే ఉండడం తరచుగా కనబడుతుంది. అయితే కుర్ర అధ్యాపకులంటే తక్కువ అని నేననను. మంచి చోట పీహెచ్‌డీ చేసి వచ్చిన ముప్పై రెండేళ్ల మనిషి, తన సొంత ల్యాబ్ కట్టుకోవాలన్న తపనతో ఉన్నవాడు, ఇరవై ఏళ్లుగా అదే నోట్సు చదివిస్తున్నవాళ్ల కంటే వంద రెట్లు నయం. ఆ పీహెచ్‌డీ ఎక్కడిది, ఎప్పుడు వచ్చింది అని మాత్రం చూడండి.

పరిశోధన గురించి వాళ్లు చెప్పే అంకెల్లో పేటెంట్లు ఒక తికమక. మన పేటెంటు చట్టం ప్రకారం దరఖాస్తు చేసిన 18 నెలలకి అది ఎలాగూ ప్రచురితమవుతుంది, అడిగితే ఇంకా ముందే అవుతుంది. ప్రచురించడం వేరు, పరీక్షించి మంజూరు చేయడం వేరు. "రెండు వందల పేటెంట్లు" అంటే అందులో మంజూరైనవి ఎన్ని అని ఒక్క ముక్క అడగండి.

ప్యాకేజీ లెక్క

హోర్డింగు మీద ఉండే ఒక్క ఫొటో, పక్కన అరకోటి అంకె. దాన్ని ఇంట్లో కాగితం మీద విడదీసి చూపిస్తే మా బావకి వెంటనే అర్థమైంది, మీకూ అదే చూపిస్తాను. ఊరికే ఉదాహరణ అనుకోండి. ఒక బ్రాంచిలో వంద మంది. ఒకరికి 50 లక్షలు, తొమ్మిది మందికి 12 లక్షల చొప్పున, యాభై మందికి నాలుగున్నర లక్షల చొప్పున, నలభై మందికి ఏమీ రాలేదు. ఇప్పుడు హోర్డింగు మీద "హయ్యెస్ట్ 50 లక్షలు" అబద్ధం కాదు. ఉద్యోగం వచ్చినవాళ్ల సగటు తీస్తే 6 లక్షల 38 వేలు వస్తుంది, "యావరేజ్ ఆరు లక్షల పైనే" కూడా అబద్ధం కాదు. బ్యాక్‌లాగులు ఉన్నవాళ్లని, మార్కులు తక్కువున్నవాళ్లని, రిజిస్టర్ చేసుకోనివాళ్లని తీసేసి "అర్హులు 65 మంది" అని చూపిస్తే, అందులో 60 మందికి వచ్చింది కాబట్టి "92 శాతం ప్లేస్‌మెంట్స్" కూడా అబద్ధం కాదు. కానీ మీ పిల్లకి వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నది ఆ నాలుగున్నర లక్షలు, లేదా ఆ నలభై మందిలో ఒకరు కావడం. దీన్ని ఒక్క అంకెలో దాచకుండా చెప్పేది మధ్యస్థ జీతం, మీడియన్ అంటారు, ఉద్యోగం వచ్చినవాళ్లందరినీ జీతం ప్రకారం వరసగా నిలబెడితే మధ్యలో ఉన్నవాడి జీతం.

అది అదే ఎన్‌ఐఆర్‌ఎఫ్ పీడీఎఫ్‌లో ఉంటుంది. నాలుగేళ్ల కోర్సు కింద మూడు బ్యాచ్‌లకి మూడు వరసలు: ఎంతమంది చేరారు, ఎంతమంది సమయానికి పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మీడియన్ ఎంత, పైచదువులకి ఎంతమంది వెళ్లారు. చేరినవాళ్ల అంకెకీ పాసైనవాళ్ల అంకెకీ మధ్య తేడా చూడడం మర్చిపోవద్దు.

కొత్త యూనివర్సిటీకి ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. మొదటి బ్యాచ్‌లు చిన్నవి. రెండు మూడు వందల మంది పిల్లలు, వాళ్ల మీద యాజమాన్యం పూర్తి దృష్టి, ఎందుకంటే పేరు నిలబెట్టాల్సింది వాళ్లే. ఆ బ్యాచ్ ఫలితాలు చూపించి ఇప్పుడు ఏడాదికి వేలల్లో చేర్చుకుంటుంటే, మీరు చూస్తున్న అంకె మీరు చేరబోయే యూనివర్సిటీది కాదు, దాని చిన్నప్పటిది. క్యాంపస్‌కి వచ్చే కంపెనీలు అదే దామాషాలో పెరిగాయా అని అడగాలి. 2024-25 నుంచి ఏఐసీటీఈ అనుమతించిన సంస్థల్లో బ్రాంచికి సీట్ల గరిష్ఠ పరిమితి తీసేశారు కాబట్టి ఈ ప్రశ్న పాత కాలేజీలకి కూడా వర్తిస్తుంది.

కళ్లతో చూసినది

క్యాంపస్ చూడ్డానికి వాళ్లు పెట్టే ఓపెన్ హౌస్ రోజు వెళ్లకండి. మేం ఒక మామూలు బుధవారం వెళ్లాం. గేటు దగ్గర కౌన్సెలర్ అమ్మాయి మర్యాదగా తీసుకెళ్లి ఆడిటోరియం, స్విమ్మింగ్ పూల్, కొత్త బ్లాకు చూపించింది. ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూస్తామని మేమే అడిగాం. వరసగా ఆసిలోస్కోపులు, మంచివే, ఖరీదైనవే, చాలావాటి తెర మీద ఫ్యాక్టరీలో అంటించిన ప్లాస్టిక్ పొర ఇంకా అలాగే ఉంది. తలుపు దగ్గర బల్ల మీద వాడకం రిజిస్టరు ఉంది. మేనకోడలు తిప్పి చూసింది. చివరి ఎంట్రీ రెండు నెలల కిందటిది, అప్పుడు సెమిస్టర్ మధ్యలో ఉంది. తను ఏమీ అనలేదు, రిజిస్టరు మూసి యథాస్థానంలో పెట్టి నా వైపు చూసింది. ఇంకో యూనివర్సిటీలో ల్యాబ్ చిన్నది, పరికరాలు పాతవి, టేబుళ్ల మీద సోల్డరింగ్ మరకలు, ఇద్దరు కుర్రాళ్లు క్లాసు లేకపోయినా కూర్చుని ఏదో బోర్డు బాగుచేసుకుంటున్నారు. వాళ్లని అడిగితే సాయంత్రం ఆరు దాకా తాళం తమ దగ్గరే ఉంటుందన్నారు.

గేటు బయట టీ కొట్టు దగ్గర నిలబడ్డ రెండో ఏడు, మూడో ఏడు పిల్లలు చెప్పే మాటకి విలువ ఎక్కువ. "బాగుందా?" అని అడిగితే "పర్లేదు అంకుల్" అంటారు, అంతే. పోయిన సెమిస్టర్‌లో ఏ సబ్జెక్టుకి సారు మధ్యలో మారారు, ఇంటర్న్‌షిప్ మీరే వెతుక్కున్నారా కాలేజీ ఇప్పించిందా, రాత్రి జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేస్తారు అని విడివిడిగా అడిగితే నోరు విప్పుతారు. ముఖ్యంగా ఆడపిల్లల తల్లిదండ్రులు చివరి ప్రశ్న వదలొద్దు. అమరావతికి శంకుస్థాపన 2015లో జరిగింది, 2019 తర్వాత పనులు ఆగాయి, 2025 మే నెలలో మళ్లీ మొదలయ్యాయి. చుట్టూ ఊరు పెరుగుతుందన్న నమ్మకంతో పెట్టిన క్యాంపస్‌లు ఆ మధ్య ఏళ్లలో పొలాల మధ్య ఒంటరిగా ఉండిపోయాయి. ఇప్పుడు మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది, రోడ్లు పడుతున్నాయి, పరిస్థితి మారుతోంది. అయినా మీ పిల్ల చదివే నాలుగేళ్లలో బస్సు ఎన్నింటి దాకా ఉంటుందో ఇవాళ్టి లెక్కలోనే చూసుకోవాలి.

డబ్బు కట్టే ముందు

ఏడాదికి 3 లక్షల ఫీజు అంటే మనం నాలుగు మూళ్లు 12 అనుకుంటాం. ఏటా 5 శాతం పెంచుతామన్న చిన్న వాక్యం ఎక్కడో ఉంటే అది దాదాపు 12 లక్షల 93 వేలు. హాస్టలు, మెస్సు, బస్సు, ల్యాప్‌టాప్, పరీక్ష ఫీజులు వేరే. కన్వీనర్ కోటాలో కాకుండా చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉండదు. బ్యాంకు లోను అనుకుంటే 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం చూడండి, 8 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకి 10 లక్షల దాకా రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ ఉంది, పూచీకత్తు అక్కర్లేదు. కానీ అది ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులని బట్టి ఎంపికైన సంస్థలకే, మొదట్లో అవి 860. మీరు చూస్తున్న కొత్త యూనివర్సిటీ ఆ జాబితాలో ఉందో లేదో బ్యాంకు మేనేజరు కంటే ముందు మీరే చూసుకోండి.

స్కాలర్‌షిప్ సంగతి మాకు తగిలిన దెబ్బ. ఫోన్‌లో చెప్పినప్పుడు "నాలుగేళ్లూ యాభై శాతం మాఫీ" అన్నారు. లెటర్ పంపమని బావ పట్టుబడితే వారానికి వచ్చింది, అందులో రెండో పేజీ కింద చిన్న అక్షరాల్లో ప్రతి సెమిస్టర్ సీజీపీఏ 8.5 తగ్గకూడదు, ఒక్క బ్యాక్‌లాగ్ ఉన్నా రద్దు, రద్దైతే తిరిగి ఇవ్వరు అని ఉంది. మొదటి సెమిస్టర్‌లో ఊరు మారి, హాస్టల్ అలవాటు పడక, గణితం రెండు మార్కులు తగ్గితే ఆ తర్వాత మూడున్నరేళ్లు పూర్తి ఫీజు కట్టాల్సింది మా బావే. ఇప్పుడు నాలుగో ఏడు చదివే స్కాలర్‌షిప్ పిల్లల్లో ఎంతమందికి అది ఇంకా నిలిచిందని ఆయన అడిగారు. జవాబు రాలేదు, ఫోన్లు మాత్రం తగ్గాయి.

సీటు బ్లాక్ చేసినా వెనక్కి రావచ్చు, ఈ సంగతి తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. 2018 అక్టోబరు నాటి యూజీసీ నోటిఫికేషన్ ప్రకారం అడ్మిషన్లకి అధికారికంగా ప్రకటించిన చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకు ముందే వదులుకుంటే ఫీజు మొత్తం వెనక్కివ్వాలి, ప్రాసెసింగ్ కింద 5 శాతం, అదీ 5 వేలు దాటకుండా తీసుకోవచ్చు. చివరి తేదీకి 15 రోజుల లోపు అయితే 90 శాతం, దాటాక 15 రోజుల లోపు 80 శాతం, 16 నుంచి 30 రోజుల మధ్య 50 శాతం, ఆ తర్వాత ఏమీ రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదని కూడా అందులోనే ఉంది, సరిచూసుకుని వెంటనే ఇచ్చేయాలి. కొన్ని ఏళ్లలో యూజీసీ ఇంతకంటే ఉదారంగా తేదీలు ప్రకటించింది కాబట్టి ఆ ఏడాది ప్రకటన కూడా చూసుకోండి.

మేనకోడలు చివరికి కొత్త యూనివర్సిటీలోనే చేరింది. పసుపు గీతలు తక్కువ పడిన ఆ చిన్నదానిలో, ఆసిలోస్కోపులు పాతవైన చోట. ముందు అనుకున్న డేటా సైన్స్ వదిలేసి, మూడు బ్యాచ్‌లు బయటికెళ్లిన ఈసీఈ తీసుకుంది, వెబ్ ఆప్షన్లలో రెండో రౌండులో కన్వీనర్ కోటాలోనే వచ్చింది. ఫీజు పెంపు గురించి మెయిల్లో రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా బావ డబ్బు కట్టలేదు. మొన్న ఫోన్ చేసి, సాయంత్రం ల్యాబ్ తాళం ఇప్పుడు తన బ్యాచ్ వాళ్ల దగ్గర ఉందని చెప్పింది.